ఉత్తరాన నీలం

సలోమి మేడం నుంచి ఫోన్ వచ్చేసరికి తన్మయి పడవ మధ్యలో నిలబడి ఉంది. ఒక చేతిలో దుర్భిణి, ఇంకో చేతిలో సగం కొరికిన అరటికాయ బజ్జీ. ఫోన్ ఏ చేత్తో తీయాలో తెలియక ఆమె తడబడుతుంటే, పక్కనున్న శ్రీకర్ ఆమె భుజానున్న సంచిలోంచి ఫోన్ తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. పెళ్లయి మూడు నెలలే అయింది. ఇలాంటి సేవలు అతను అడక్కుండానే చేస్తాడు. ఆమె అవసరం లేకపోయినా చేయించుకుంటుంది.

"కూర్చుని విను తన్మయీ," అంది సలోమి మేడం హైదరాబాదు నుంచి. "కమిటీ ఒప్పుకుంది. మన చుక్కలు జాలర్ల కళ్లలో వేయవచ్చు. బందరు వైపు నుంచి పన్నెండు మంది ఎల్లుండి మన కేంద్రానికి వస్తున్నారు."

తన్మయి కూర్చోలేదు. నిలబడే "మేడం" అంది. ఇంకోసారి "మేడం" అంది. ఆ పైన అక్కడే చిన్నగా గెంతింది. పడవ అటూ ఇటూ ఊగింది.

"అమ్మా, ఆ సంతోషమేదో కూర్చుని పడండి," అన్నాడు గెడ వేస్తున్న ఏసుబాబు. "పడవ ఒకటే ఉంది మనకి."

పడవలో ఏలూరు నుంచి ఆదివారం పిట్టలు చూడడానికి వచ్చిన రెండు కుటుంబాలున్నాయి. వాళ్లలో ఒక పెద్దావిడ తన్మయి ముఖంలోకి పరీక్షగా చూసి, "ఏంటమ్మా, నీళ్లోసుకున్నావా?" అని అడిగింది.

"లేదండీ, అంతకంటే..." అనబోయి తన్మయి నాలుక కరుచుకుంది. పెద్దావిడ "అంతకంటే ఏముంటుందే?" అన్నట్టు మిగతా ఆడవాళ్ల వైపు చూసింది.

ఫాల్గుణం చివరి రోజులు. కొల్లేటి మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గట్టు మీది చెట్లలో గూడబాతులు పిల్లలతో సహా ఇంకా ఉన్నాయి కానీ, చలికాలమంతా నీటిమీద పరుచుకుని ఉన్న పరజలు వెళ్లిపోయే రోజులివి. సైబీరియా నుంచి వచ్చే ఈ చిన్న బాతులు తన్మయికి మహా ఇష్టం. గుప్పెడంత ఒళ్లు వేసుకుని హిమాలయాలు దాటి వస్తాయి, ఎవరినీ దారి అడగవు. అవి వెళ్లిపోయే ముందు చూపించాలని ఆమె ఫాల్గుణంలో ప్రతి ఆదివారం ఇలా జనాన్ని పడవలో తిప్పుతుంది. ఇవాళ మాత్రం పరజలను చూపిస్తూ గూడబాతులని, గూడబాతులను చూపిస్తూ కొంగలని అంటోంది.

శ్రీకర్‌కి ఎదురుగా బల్లమీద కూర్చుని కబురంతా చెప్పబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని లేపి, పడవ ఈ కొసకు తెచ్చి కూర్చోబెట్టుకున్నాడు.

"ఇటు కూర్చుని చెప్పు. నీ మొహం చూడాలి."

"అటు కూర్చుంటే కనపడదా మాస్టారూ?"

"ఇటైతే ఇంకా బాగుంటుంది."

ఏలూరు ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. తన్మయి బజ్జీ మిగతా సగం నోట్లో పెట్టుకుని సిగ్గు దాచుకుంది. నెల రోజులుగా ఇంతే. ఫొటో తీసినా, హోటల్లో కూర్చున్నా, ఇంట్లో కంచాల ముందైనా, అతను ఆమెను తనకు కావలసిన వైపుకు తెచ్చుకుని కూర్చోబెట్టుకుంటాడు. మొగుడికి ఇంత మోజు ఉంటుందని ఆమెకు పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు.

*

శ్రీకర్ కైకలూరులో సోషల్ మాస్టారు. వెనక్కి తిరిగి చూడకుండా బోర్డు మీద భారతదేశం గీసి నదులన్నీ పారించగలడు. కానీ బస్టాండులోంచి బయటికొస్తే ఇల్లు కుడిచేతి వైపో ఎడమచేతి వైపో తెలియదు. పెళ్లిలో అరుంధతీ నక్షత్రం చూపించమన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం పూట, అతను చాలా ధీమాగా వేలెత్తి వంటశాల వైపు చూపించాడు. పురోహితుడు ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లగా ఉత్తరానికి తిప్పి, "కనిపించిందా అమ్మా?" అని అడిగాడు. అక్కడ ఎర్ర షామియానా తప్ప ఇంకేమీ లేదు.

"కనిపించింది," అంది తన్మయి వినయంగా.

ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా వేళాకోళంగా మిగిలిపోయింది. చారులో ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే అతను "కనిపించింది" అంటాడు. కొత్త చొక్కా బాగుందా అని అతను అడిగితే ఆమె "కనిపించింది" అంటుంది.

అలాంటి మనిషి కంట్లోనే మొదటి చుక్క పడింది.

వలసపక్షి కంట్లో ఒక పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది భూమి అయస్కాంత బలాన్ని పక్షికి ఒక రంగులా, ఒక నీడలా చూపిస్తుంది. పరజ కంట్లోని ఆ పదార్థాన్ని మనిషి కన్ను భరించేలా మార్చడానికి సలోమి మేడం, తన్మయి సరస్సు గట్టున ఉన్న చిన్న పరిశోధన కేంద్రంలో రెండేళ్లు తలలు పగలగొట్టుకున్నారు. సముద్రంలో మంచు కమ్మినప్పుడు యంత్రాలు మొరాయించినా జాలరి తన కళ్లతోనే ఒడ్డెటో చూసుకోగలిగితే చాలని వాళ్ల ఆశ. చుక్క వేస్తే వారం రోజులుండి దానంతటదే కరిగిపోవాలి.

ముందు ఎవరి కంట్లో వేయాలన్న దగ్గర చిక్కొచ్చింది. సలోమి మేడానికి శుక్లాల ఆపరేషన్ అయింది, పనికిరాదు. తన్మయి పరీక్ష చేసే మనిషి, ఆమే వేసుకుంటే చూసేదెవరు? అప్పటికి పెళ్లయి పట్టుమని పది రోజులు కాని శ్రీకర్, "దిక్కులు తెలియనివాడు ఈ జిల్లాలో నాకంటే ఎవడు దొరుకుతాడండీ?" అని సలోమి మేడం ముందు కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

మార్గశిర మాసపు ఉదయం అది. కేంద్రం పెరట్లో అతను కళ్లు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా ఒక చుట్టు తిరిగి, ఒకచోట ఆగిపోయాడు.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగింది సలోమి మేడం.

"ఎవరో తెల్ల పంచె నీలిమందులో ముంచి ఆరేసినట్టుందండీ," అన్నాడు. "అదిగో, ఆ కొబ్బరిచెట్ల మీదుగా. గాలికి కదలడం లేదు, అంతే తేడా."

దిక్సూచి తీసి చూస్తే అది కచ్చితంగా ఉత్తరం. తన్మయికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆ సాయంత్రం శ్రీకర్ జీవితంలో మొదటిసారి బస్టాండు నుంచి ఇంటికి ఎవరినీ అడక్కుండా నడిచొచ్చాడు. అతని తల్లి మాణిక్యాంబ గుమ్మంలోనే ఆపి దిష్టి తీసింది.

వారం తిరిగాక తన్మయి అతన్ని అదే పెరట్లో నిలబెట్టింది. సలోమి మేడం ఊళ్లో లేదు.

"పోయిందా?" అని అడిగింది, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని.

"పోయింది," అన్నాడు శ్రీకర్.

కంటి డాక్టరు కూడా చూసి అంతా మామూలుగానే ఉందన్నాడు. కమిటీకి వెళ్లిన కాగితాల్లో ఆ ఒక్క మాటే అన్నిటికంటే బరువైన మాట.

*

మాణిక్యాంబ కబురు విని, మొదట కొరమీను పులుసులో ఉప్పు చూసుకుని, తర్వాత సంతోషించింది.

"ఎల్లుండి ఆ జాలర్లకి భోజనం మనింట్లోనేనా? అయితే చేపలు వండను. వాళ్లకి మొహం మొత్తి ఉంటుంది. ముద్దపప్పు, ఆవకాయ పెడదాం. ఏమంటావు అమ్మాయ్?"

"మీరెలా అంటే అలా అత్తయ్యా."

"అన్నట్టు, నీ మొగుడికి కాస్త గడ్డి పెట్టు. నేను చెబితే వినడు." మాణిక్యాంబ గరిటెతో ముందుగది వైపు చూపించింది. భోజనం చేసి శ్రీకర్ అక్కడ చాప మీద పడుకుని ఉన్నాడు. "ఉత్తరానికి తల పెట్టి పడుకుంటున్నాడు. శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి చూస్తున్నాను. వినాయకుడికి ఏనుగు తల ఎక్కణ్ణించి వచ్చిందో నీకు తెలుసుగా? ఉత్తరానికి తల పెట్టుకుని పడుకున్న ఏనుగుదే. దాని తలే పోయింది, వీడెంత."

"లేపి చెప్పలేకపోయారా?"

"లేపి దిండు తూర్పుకి మార్చాను. నేను పాల పొంగు చూసి వచ్చేసరికి మళ్లీ అటే. నిద్దట్లో తిరుగుతాడు. చిన్నప్పుడు లేదీ రోగం."

తన్మయి నవ్వుకుంటూ ముందుగదిలోకి వెళ్లింది. చేతిలో జామకాయ ఉంది, ఉప్పూకారం అద్దింది. కిటికీలోంచి ఎండ గచ్చు మీద పడుతోంది. శ్రీకర్ నిజంగానే ఉత్తరానికి తల పెట్టి, నోరు కొంచెం తెరిచి, హాయిగా పడుకుని ఉన్నాడు. ఆ నోరు చూస్తే ఆమెకు ముద్దొచ్చింది. ముద్దు సంగతి తర్వాత చూద్దామని, చాప రెండు కొసలూ పట్టుకుని నున్నటి గచ్చు మీద మెల్లగా లాగి, అతని తల తూర్పుకు వచ్చేలా తిప్పి, గోడకానుకుని జామకాయ కొరుకుతూ కూర్చుంది.

ముందు అతని భుజం కదిలింది. తర్వాత నడుము. ఒక మోకాలు పైకి లేచి పక్కకు వాలింది. జామకాయ సగం అయ్యేసరికి చాప తూర్పుగా ఉంది, మనిషి చాపకు అడ్డంగా ఉన్నాడు. తల ఉత్తరాన ఉంది.

తన్మయికి పట్టరాని సంతోషం కలిగింది. ఈసారి కాళ్ల వైపు పట్టుకుని తల దక్షిణానికి తిప్పింది. అతను నిద్రలోనే ఏదో గొణిగి, దొర్లి, చాప దాటి గచ్చు మీదికి వచ్చి, మళ్లీ అటే తిరిగాడు.

"ఏంటమ్మాయ్," అంది గుమ్మంలోంచి మాణిక్యాంబ, "మొగుణ్ణి తిరగలిలా తిప్పుతున్నావు?"

"ఉష్, అత్తయ్యా. ఒక్క నిమిషం."

లేచి కిటికీ రెక్కలు మూసింది. తలుపు దగ్గరగా వేసింది. గది చీకటైంది. శ్రీకర్ తల పడమటికి తిప్పి కూర్చుంది. జామకాయ అయిపోయింది. గింజలు కూడా నమిలేసింది. అతను కదల్లేదు. పెట్టినచోట పెట్టినట్టే పడుకుని గురక పెడుతున్నాడు.

కిటికీ తెరిచింది. మూసిన అతని రెప్పల మీద ఎండ పడింది. కాసేపటికి భుజం కదిలింది.

అప్పుడు ఆమెకు నవ్వు ఆగిపోయింది. వెలుతురుంటే తిరుగుతున్నాడు, లేకపోతే లేదు. మూసిన రెప్పల్లోంచి కూడా అతనికి ఏదో కనిపిస్తోంది. పోయిందన్నది పోలేదు.

నోట్లో జామకాయ వగరు మిగిలింది.

"నేను కేంద్రం దాకా వెళ్లొస్తాను అత్తయ్యా," అంది. "ఆయన్ని లేపకండి."

"ఆదివారం పూట ఏం పని?"

"పిట్టలకి గింజలు వేయలేదు," అంది తన్మయి. పొద్దున్నే వేసింది.

*

కేంద్రం వెనక గుండ్రటి పంజరం ఒకటి ఉంది. వలల్లో చిక్కి రెక్కలు దెబ్బతిన్న పరజలను తెచ్చి, నయమయ్యేదాకా అందులో ఉంచుతారు. చలికాలమంతా అవి ఎక్కడపడితే అక్కడ ముడుచుకుని కూర్చునేవి. ఇప్పుడు అన్నీ ఒకే వైపు చేరి ఉన్నాయి. వల మీదికి ఎగురుతున్నాయి, దిగుతున్నాయి, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాయి. పంజరం గుండ్రంగా ఉన్నా ఉత్తరం పక్కన మాత్రమే నేల గడ్డి లేకుండా నున్నగా అరిగిపోయి ఉంది. దీనికి తన్మయి పెట్టుకున్న పేరు వలస కంగారు. పిల్లలకు చెప్పేటప్పుడు "సెలవులిచ్చిన రోజు చివరి పీరియడ్‌లో మీరుండరా, అలాగ" అని చెబుతుంది.

పంజరం పక్కన గట్టు మీద కూర్చుంది. ఇది ఆమెకు తెలియని సంగతేమీ కాదు. చలికాలం దాటి పగటి పొద్దు పెరిగేకొద్దీ పక్షి కంట్లో ఆ పదార్థం పెరుగుతుంది. వెళ్లే కాలానికి దారి మరింత చిక్కగా కనిపించాలి కదా. పొద్దు తగ్గితే అదీ తగ్గుతుంది. వాళ్లు శ్రీకర్ కంట్లో చుక్క వేసింది ఏడాదిలో పొద్దు అతి తక్కువగా ఉండే మార్గశిరంలో. పెళ్లి సెలవు అయిపోగానే మొదలుపెట్టేద్దామన్న తొందర తన్మయిదే. చుక్క కరిగిపోయే ఉంటుంది, అందులో పొరపాటు లేదు. కానీ కరిగిపోయే లోపల కన్ను ఆ విద్య నేర్చేసుకుంది. ఇప్పుడు పొద్దు పెరుగుతోంది, కన్ను తనంతట తనే ఆ పదార్థం తయారుచేసుకుంటోంది.

ఒక్క క్షణం, ఆ పరిస్థితిలో కూడా, ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. మనిషి కన్ను పరజ దగ్గర పాఠం నేర్చుకుంది. ఇంత గొప్ప సంగతి చెప్పడానికి ఆ గట్టు మీద ఎవరూ లేరు.

ఆ వెనకే పడవ గుర్తొచ్చింది. "ఇటు కూర్చుని చెప్పు. నీ మొహం చూడాలి." పడవలో తను ముందు కూర్చున్నది అతనికి ఉత్తరాన. లేపి దక్షిణాన కూర్చోబెట్టుకున్నాడు. ఇంట్లో కంచాల దగ్గర తన పీట ఎటు? దక్షిణం గోడకు ఆనించి. గుడివాడ హోటల్లో? ఆలోచించి, వేళ్లతో గాలిలో ఆ హోటల్ గీసుకుని చూసింది. దక్షిణమే. సరస్సుకు వచ్చేటప్పుడు స్కూటీ ఆమెను నడపమంటాడు, ఇంటికి వెళ్లేటప్పుడు తను నడుపుతాడు. కైకలూరు నుంచి సరస్సు ఉత్తరానుంది. సగం పని నీది, సగం పని నాది అన్నట్టు ఎంత బాగుందో అని స్నేహితురాళ్లందరికీ చెప్పుకుంది.

నెల రోజులుగా ఆమె మురిసిపోతూ దాచుకున్న ముచ్చట్లన్నీ ఒక్కొక్కటే దిక్కు మార్చుకుని నిలబడ్డాయి.

*

సాయంత్రం శ్రీకర్ సరస్సు గట్టు మీదికి వచ్చేశాడు. ఈ మధ్య పొద్దు వాలేసరికి అతనికి ఇంట్లో కాలు నిలవడం లేదు. తన్మయి దూరం నుంచే చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్లకేసి, ఉత్తరంకేసి చూస్తూ, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాడు.

ఆమె పిలవలేదు. గట్టు దిగి, చుట్టూ తిరిగి, అతనికి సరిగ్గా ఉత్తరాన పది అడుగుల దూరంలో వచ్చి నిలబడింది. ఈసారి పురోహితుడిలా అడక్కూడదు అనుకుంది. కనిపిస్తోందా అని అడిగితే ఎవరైనా ఒకటే జవాబు చెబుతారు.

"మాస్టారూ," అంది, "నేనేం చేస్తున్నాను?"

శ్రీకర్ ఆమె గొంతు వినబడిన వైపుకు ముఖం సరిచేసుకున్నాడు. కొద్దిగా కళ్లు చికిలించాడు.

"నవ్వుతున్నావు," అన్నాడు ప్రేమగా.

తన్మయి నాలుక బయటపెట్టి, రెండు కళ్లూ ముక్కు దగ్గరికి తెచ్చి, చిన్నప్పుడు తమ్ముణ్ణి ఏడిపించడానికి పెట్టే కోతి ముఖం పెట్టుకుని ఉంది. అలాగే కొంతసేపు నిలబడిపోయింది. నాలుక లోపలికి తీసుకోవడానికి కూడా ఆమెకు గుర్తు రాలేదు.

తర్వాత నడిచి వెళ్లి అతని కుడిభుజం పట్టుకుని తూర్పుకు తిప్పి ఎదురుగా నిలబడింది. అప్పుడు అతను ఆమె ముఖం చూశాడు.

"ఏడుస్తున్నావేంటి?"

"పోలేదు కదా అది."

అతను నీళ్ల వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికి ప్రయత్నించి మానుకున్నట్టు అనిపించింది.

"ఎలా కనిపెట్టావు డాక్టరమ్మా?"

"నిద్రపోతుంటే చాప తిప్పాను. మీరు దిక్సూచి ముల్లులా తిరిగారు. కిటికీ మూస్తే ఆగిపోయారు."

శ్రీకర్ నోరు తెరిచాడు. "నిజంగానా? నిద్దట్లోనా?" అన్నాడు. అతని గొంతులో భయం కంటే వింత ఎక్కువగా ఉంది. "ఎంత తిరిగాను? పూర్తిగానా?"

"పూర్తిగా. చాప దాటి గచ్చు మీదికొచ్చారు. అత్తయ్య తిరగలి అంది." ఏడుస్తూనే నవ్వు వచ్చేసింది ఆమెకు. "ఇప్పుడు చెప్పండి. సరిగా చెప్పండి. మొదటి నుంచి."

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. అతను ఆమెను దక్షిణం వైపు కూర్చోబెట్టుకున్నాడు. ఈసారి దాని అర్థం ఇద్దరికీ తెలుసు.

"నువ్వు పోయిందా అని అడిగిన రోజు పిసరంత మిగిలే ఉంది," అన్నాడు శ్రీకర్. "గిన్నె కడిగాక అడుగున నీలిమందు చార మిగులుతుందే, అంత. రేపో ఎల్లుండో అదీ పోతుందనుకున్నాను. నువ్వు గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తున్నావు. ఆ మొహానికి పోలేదని ఎలా చెప్పను?"

"కనిపించింది అన్నారన్నమాట."

"ఆఁ. కనిపించింది అన్నాను."

"నేనడిగిన తీరూ అలాగే ఏడ్చింది," అంది తన్మయి. "పరీక్ష చేసేవాళ్లు అలా అడక్కూడదు. మొగుణ్ణి అసలు అడక్కూడదు. తర్వాత?"

"శివరాత్రి దాకా అలాగే ఉంది. ఆ పైన చిక్కబడుతూ వచ్చింది. ఇప్పుడు ఉత్తరాన ఏముందో అంతా నీలంలోంచే చూస్తాను. చెట్లు తెలుస్తాయి. మనుషులు తెలుస్తారు. మొహాలు మునిగిపోతాయి." కొంచెం ఆగి, "నీ మొహం మునిగిపోతే నాకు నచ్చదు. అందుకని ఇటు తెచ్చుకుంటున్నాను," అన్నాడు.

ఆమె అతని చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలని ప్రతి ఆదివారం అనుకుంటాను. కానీ ఇంకో సంగతుంది తన్మయీ. అది చాలా బాగుంటుంది. అదే చిక్కు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా నేనెక్కడున్నానో నాకు తెలిసేది కాదు. క్లాసులో పిల్లలకి దిక్కులు చెప్పి, బయటికొచ్చి వాళ్లనే దారి అడిగేవాణ్ణి. ఇప్పుడు కళ్లు తెరవగానే తెలిసిపోతుంది. ఎక్కడ నిలబెట్టినా తెలుస్తుంది. అది పోతే మళ్లీ ఆ పాత మనిషినే." నీళ్ల వైపు గడ్డంతో చూపించాడు. "ఇంకా నయం, రెక్కలు లేవు. అవి లేస్తుంటే నా కాళ్లు లాగుతాయి. మొన్న స్కూలు వదిలాక నడుచుకుంటూ ఎంత దూరం పోయానో తెలుసా? ఏసుబాబు చూసి సైకిలెక్కించుకుని తెచ్చాడు. ఎక్కడికి మాస్టారూ అంటే నాకే తెలియదు."

దూరంగా నీళ్లలో పెరిగిన తూటాకు పొదల మధ్య నుంచి ఒక పరజల గుంపు లేచింది. ఎర్రటి నీటి మీద ఒకసారి చుట్టు తిరిగి, గీత గీసినట్టు సర్దుకుని, వాళ్ల తలల మీదుగా వెళ్లింది. రెక్కల చప్పుడు కొత్త చీర మడత విప్పినట్టు గరగరమంది. శ్రీకర్ లేవలేదు, కానీ అతని మడమలు నేలలోకి తన్నుకోవడం తన్మయి చూసింది. ఆమె వేళ్లు మరింత గట్టిగా బిగిశాయి.

"అవి ఎటు వెళ్తున్నాయో మీకు కనిపిస్తోందా?" అని అడిగింది. ఈసారి తెలుసుకోవాలనే అడిగింది.

"నీలం మధ్యలో ఒకచోట కొంచెం పలచగా ఉంటుంది. తలుపు ఓరగా తీసినట్టు. అందులోంచి వెళ్తున్నాయి."

రెండేళ్లు ఆ సంగతి కోసమే ఆమె పనిచేసింది. ఏ పక్షీ చెప్పలేని జవాబు, తన పక్కన కూర్చున్న మనిషి మామూలు మాటల్లో చెప్పేశాడు. ఎల్లుండి పన్నెండు మంది కళ్లలో అదే చుక్క పడుతుంది. వాళ్లూ ఇంటికి వెళ్తారు. వాళ్లకూ పెళ్లాలు, పిల్లలు ఉంటారు. వైశాఖానికి ఎవరి పిల్లల ముఖాలు నీలంలో మునుగుతాయో. పడవ ఉత్తరానికి తిప్పి ఎవరు ఎంత దూరం పోతారో.

ఆమె ఫోన్ తీసింది. శ్రీకర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దున్నే కదా ఒప్పుకున్నారు. ఒక్కరోజైనా సంతోషంగా ఉండొచ్చు కదా."

"ఉన్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం జామకాయ తినేదాకా ఉన్నాను," అంది తన్మయి. "చాలు."

సలోమి మేడం అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తన్మయి చెప్పడం అయ్యాక అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"జాలర్లకి ఇప్పుడే ఫోన్ చేసి ఆపేస్తాను," అంది మేడం. "కమిటీకి నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటాను."

"సరే మేడం. ఆయన కళ్లు తగ్గుతాయా?"

"పొద్దు తగ్గితే పరజలకి తగ్గుతుంది. చీకటి గదిలో కొన్నాళ్లు ఉంచితే అతనికీ తగ్గొచ్చు. ఇక్కడ పెద్ద కంటి డాక్టర్లకు చూపిద్దాం."

"తగ్గకపోతే?"

"నాకు తెలియదు తన్మయీ. తెలియనిదాన్ని తెలియదనే చెబుదాం ఇక నుంచి." ఫోన్ పెట్టేసే ముందు మేడం గొంతు మారింది. "ఆ నీలం మధ్యలో పలచగా ఉంటుందన్నాడే, ఎంత వెడల్పుంటుందో అడిగావా?"

"లేదు మేడం. అడుగుతాను."

ఫోన్ సంచిలో పడేసి తన్మయి కొంగుతో ముఖం తుడుచుకుంది. సలోమి మేడం మాటలన్నీ శ్రీకర్‌కి చెప్పింది. చీకటి గది మాట వినగానే అతను ఆమె వైపు తిరిగాడు.

"అక్కడున్నన్నాళ్లూ నువ్వు కూడా కనపడవు," అన్నాడు.

"నేనూ లోపలే కూర్చుంటాను. ఇద్దరికీ ఏమీ కనపడదు. అప్పుడు ఎటు కూర్చున్నా ఒకటే."

"మళ్లీ దారి తప్పుతానేమో బయటికొచ్చాక."

"తప్పితే నన్నడగండి. ఊరికే ఉన్నానా నేను?"

అతను నవ్వాడు. నీళ్ల మీద ఎరుపు తగ్గి బూడిద రంగు వస్తోంది. గట్టు కింద స్కూటీ ఉంది. ఇంటికి దక్షిణంగా వెళ్లాలి కాబట్టి తనే నడుపుతానన్నాడు. ఆమె తాళంచెవి ఇవ్వలేదు. ఇకమీదట ఎటు వెళ్లినా తానే నడుపుతానంది.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి హైదరాబాదు వెళ్తున్నాం," అంది స్కూటీ తిప్పుతూ. "అత్తయ్యకి నేను చెబుతాను. ఏనుగు తల సంగతి ఆవిడే ముందు కనిపెట్టింది కాబట్టి ఆవిడకి చెప్పక తప్పదు. ఇంకోటి, కిటికీ సీటు నాది. పెళ్లయి వచ్చేటప్పుడు మీరు కూర్చున్నారు, నేను మర్చిపోలేదు."

శ్రీకర్ వెనక కూర్చుని కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు.

"బస్సు పడమటికి పోతుంది," అన్నాడు. "అంటే ఎడమచెయ్యి వైపు దక్షిణం. నువ్వు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో. హైదరాబాదు దాకా నీ మొహం కనిపిస్తూనే ఉంటుంది."

"మధ్యలో రోడ్డు వంకర తిరుగుతుంది కదా మాస్టారూ."

"తిరిగినప్పుడు మాట్లాడుతూ ఉండు," అన్నాడు శ్రీకర్.